మద్దిలేటి వేసిన చలిపందిరి

"వేలమంది చూస్తాండారమ్మా. ఒక్కరూ ఫోను చేయడం లేదు" అన్నాడు మద్దిలేటి.

సుంకమ్మ గారు వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రోడ్డు పక్కన రెండు గదుల ఇల్లు ఆమెది. రూపం లేని పరతత్వాన్ని చెప్పే అచలం బోధించే గురువమ్మ. గుడికి పొమ్మనరు, ఉపవాసం ఉండమనరు. గురువారం సాయంత్రాలు శిష్యులు వచ్చి తత్వాలు పాడుకుని పోతారు. మద్దిలేటి పదేళ్లుగా వస్తున్నాడు.

అతనిది ఎండాకాలం కిటికీలకు కట్టే వట్టివేళ్ల తడికల వ్యాపారం. తండ్రి కాలంలో దుకాణం పెద్ద రోడ్డు మీద ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది పోయి, సందు లోపలి సందులోకి మారింది. ఆ సందులోకి దారి తెలిసినవాళ్లు తప్ప ఎవరూ రారు. తడికలు అల్లే మనిషి చిన్న హుసేని ఒక్కడే మిగిలాడు. పని లేకపోతే నెలాఖరుకు బెంగళూరు పోయి ఇటుకలు మోస్తానని చెప్పేశాడు. మద్దిలేటికి అమ్మడం వచ్చు, అల్లడం రాదు. హుసేని పోతే దుకాణానికి తాళమే.

అందుకే వెబ్‌సైటు పెట్టాడు. ఎవరి సాయమూ తీసుకోలేదు. చలికాలమంతా వీడియోలు చూసి తానే నేర్చుకుని తయారుచేశాడు.

"లోకానికి రుచి పోయిందేమో అనిపిస్తాందమ్మా. అంత బాగా చేసినా."

"యాది, చూపియ్యి."

ఆమె చేతులు తుడుచుకున్నారు. మద్దిలేటి తన ఫోను తెరిచి పట్టుకున్నాడు. మధ్యలో ఒక చక్రం తిరుగుతూ ఉంది. ఆమె కాసేపు చూసి మళ్లీ చింతపండు అందుకున్నారు.

"వచ్చె, వచ్చెనమ్మా!"

పిల్లనగ్రోవి మోగింది. ఎర్రటి తెర రెండుగా చీలి మెల్లగా పక్కలకు జరిగింది. ఈ తెరకే రెండు నెలలు పట్టిందని మద్దిలేటి చెప్పాడు. తెర వెనక స్వాగతం సుస్వాగతం. దాని కింద తండ్రి ఫోటో, రెండు వైపులా వెలిగి ఆరే దీపాలు. ఆ కింద వంశ చరిత్ర. ఆ కింద మద్దిలేటికి ఎవరో శాలువా కప్పుతున్న ఫోటో.

"తడికలేవిరా?"

"కిందికి జరపల్లమ్మా. ఇంకొంచెం. ఇంకా కిందికి."

తడికలు వచ్చాయి, తపాలా బిళ్లలంత. ధర ఉండాల్సిన చోట 'సంప్రదించండి' అని ఉంది. సంప్రదించాలంటే పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి రాసి పంపాలి. ఫోను నంబరు అన్నిటికన్నా అడుగున, పచ్చటి రంగు మీద పచ్చటి అక్షరాలతో ఉంది. వట్టివేళ్ల రంగు కలవాలని అలా పెట్టానన్నాడు.

సుంకమ్మ గారు ఆసాంతం చూశారు.

"పిల్లనగ్రోవి బాగుంది" అన్నారు. తర్వాత రోడ్డు వైపు చూసి, "ఎండలు ముదిరినాయి. ఈ తూరి మన చలివేంద్రం నువ్వు వెయ్యి" అన్నారు.

ఏటా ఆ పని పెద్ద శిష్యులు చేసేవాళ్లు. తన మొర విని అమ్మ ఇచ్చిన ఆశీర్వాదం ఇదే అనుకున్నాడు మద్దిలేటి.

రోడ్డుకు అవతలి వైపు పందిరి వేశాడు. మూడు వైపులా తన తడికలే కట్టి నీళ్లు చల్లాడు. నాలుగో వైపు, రోడ్డుకు ఎదురుగా, నిలువెత్తు ఫ్లెక్సీ. మధ్యలో అమ్మకు ఉపదేశమిచ్చిన గురువుగారి ఫోటో. నిండుగా ఉంటుందని దానికో నిజం పూలదండ వేశాడు. కింద వరసగా శిష్యుల ముఖాలు. మైకులో తత్వాలు పెట్టాడు. నీళ్లకుండను శుభ్రంగా ఉండాలని లోపల, తెల్లగుడ్డ పరిచిన పీట మీద పెట్టాడు. చెప్పులు విడిచి ఫ్లెక్సీకి ఎడమ పక్క నుంచి లోపలికి వచ్చి, కుడి పక్క నుంచి పోవాలి.

పొద్దున్నే వచ్చి ఫ్లెక్సీ పక్కన నిలబడ్డాడు.

మిరపకాయల కూలీలతో ఒక ఆటో నెమ్మదించింది. "ఏం పార్టీన్నా?" అని అరిచాడు డ్రైవరు.

"పార్టీ గాదప్పా, మంచినీళ్లు!"

మైకు హోరులో అది ఆటోకు వినబడలేదు.

గొర్రెలు తోలుకుంటూ వచ్చిన మనిషి ఆగాడు. ఫ్లెక్సీ చూసి తలగుడ్డ తీశాడు.

"ఎప్పుడు పోయినాడు పెద్దాయన?"

"ఆయన పోయి ముప్పై ఏండ్లాయె."

"అయ్యో. అయినా ఇంత ఘనంగా చేస్తాండారంటే మంచోడే అయ్యుంటాడులే."

దండం పెట్టి గొర్రెల వెంట పోయాడు. నీళ్ల మాటే ఎత్తలేదు.

దోసకాయల గంపతో ఒక ముసలమ్మ నీడకు వచ్చింది. "పూజ ఎప్పుడైతాది నాయనా? ప్రసాదం ఏం చేసినారు?"

"పూజ లేదవ్వా. నీళ్లు తాగి పో. చెప్పులిడిసి, ఇదో ఈ పక్క నుంచి రా."

ఆమె కరిగిన తారు వైపు చూసింది, తన కాళ్ల వైపు చూసింది. "చెప్పులిడిసేంత దప్పిక లేదులే. నువ్వే తాగు, ఎండలో నిలబడినావు" అని సాగిపోయింది.

మధ్యాహ్నానికి కుండ నిండుగానే ఉంది. మద్దిలేటి రోడ్డు దాటి వసారాలోకి వచ్చి చతికిలబడ్డాడు.

"ఈ దోవన పోయే జనానికి దప్పికే లేదమ్మా."

సుంకమ్మ గారు లేచారు. కొంగు తల మీద వేసుకుని రోడ్డు దాటారు. మద్దిలేటి వెంట వెళ్లాడు. ఆమె మైకు ఆపేశారు. ఫ్లెక్సీ తాళ్లు విప్పారు. గురువుగారి ఫోటో పైకి వచ్చేట్టు దాన్ని చుట్టి పక్కన పెట్టారు. లోపలికి పోయి కుండ అంచు పట్టుకున్నారు.

"ఒక చెయ్యి వెయ్యి."

ఇద్దరూ కుండను మోసుకొచ్చి రోడ్డు వారన, నీడ అంచులో, ఇసుక మీద పెట్టారు. ఆమె మూత మీద గ్లాసు బోర్లించారు. తిరిగి వసారాకు పోయి చింతపండు ముందేసుకున్నారు.

మోటారుసైకిలు మీద ఒకతను వచ్చాడు. బండి దిగలేదు. ఒక కాలు నేల ఆనించి రెండు గ్లాసులు తాగి పోయాడు. లారీ ఆగింది. క్లీనరు దూకి సీసా నింపుకున్నాడు. పొలం నుంచి వస్తున్న ఆడవాళ్లు గుంపుగా వచ్చి, "పొద్దున్నే పెట్టుంటే ఎంత పుణ్యం, ఇప్పుడా పెట్టేది?" అని దబాయించి తాగారు. మద్దిలేటి మాట్లాడే తీరిక లేక ముంచి పోస్తూనే ఉన్నాడు. రెండుసార్లు కుండ నింపాడు.

జీపులో వచ్చిన ఒకాయన తాగి మూతి తుడుచుకుని, అప్పుడు తలెత్తాడు. పందిరిలోంచి చల్లగాలి వస్తోంది.

"ఈ వాసన యాడిదప్పా? ఆ తడికలు ఎవురివి?"

మద్దిలేటి గొంతు సవరించుకున్నాడు. "మా తాత ముత్తాతల కాలం నుంచి..."

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయన ఒక కాలు జీపులో పెట్టాడు.

మద్దిలేటి చేతిలో గ్లాసుతోనే జీపు దగ్గరికి పోయాడు.

"నావే అన్నా. కిటికీ కొలత చెప్పు, ధర చెప్తా."

గురువారం నాడు మద్దిలేటి అందరికన్నా ముందే వచ్చాడు.

"హుసేని పోయినాడా?" అడిగారు సుంకమ్మ గారు.

"లేదమ్మా. ఆ జీపాయనకు పది కిటికీల తడికలు అల్లల్ల. చేతులు ఖాళీ లేవని నన్నే కసురుకుంటాండాడు." తర్వాత కొంచెం సిగ్గుపడుతూ అన్నాడు. "వెబ్‌సైటు మార్చినా. ఈసారి మీ ఫోన్లోనే చూడండమ్మా."

ఆమె ఫోను తెచ్చుకున్నారు. చక్రం తిరగలేదు, పిల్లనగ్రోవి మోగలేదు. తెర మీద ఒక కిటికీ, దానికి కట్టిన తడిక, కొలతలు, ధరలు. వాటి పక్కనే పెద్ద నల్లటి అంకెలతో నంబరు.

"మీ నాయన ఫోటో?"

"లోపల ఉందమ్మా. చూడల్లనుకునే వాళ్లకు."

ఆమె తల ఊపి, ఆ అంకెల మీద బొటనవేలు ఆనించి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు.

మద్దిలేటి చొక్కా జేబులో ఫోను మోగింది. బయటికి తీసి పేరు చూసి అతను నవ్వాడు.

"ఎదురుగానే ఉండాను గదమ్మా."

ఆమె ఫోను చెవి నుంచి తీయలేదు.

"ఇప్పుడు ఉండావు" అన్నారు.