పాతగూటి పెళ్లికొడుకు

తుమ్మచెట్టు కొమ్మలు దిగుడు బావి మీదికి వంగి ఉండేవి. ఆ కొమ్మల నిండా గిజిగాళ్ల గూళ్లే. గిజిగాళ్లలో పెళ్లిచూపులు ఉండవు, గూటిచూపులే. పెళ్లికొడుకు గూడు సగం అల్లి, రెక్కలు టపటపలాడించి పిలుస్తాడు. పెళ్లికూతురు వచ్చి పోచ పోచా లాగి చూస్తుంది. నచ్చి లోపల కూర్చుందంటే పెళ్లయిపోయినట్టే. ఆపైన లోపలికి దూరే కింది గొట్టం అల్లి గూడు పూర్తిచెయ్యడం మొగుడి పని.

పైడమ్మ అలాగే చూసింది, అలాగే కూర్చుంది. తొలకరి పడింది. పక్క గూళ్లన్నిటికీ గొట్టాలు దిగాయి. ఆమె మొగుడు బంగారయ్య మాత్రం తల మీది పసుపు ఈకలు దువ్వుకుంటూ తిరుగుతున్నాడు.

"గొట్టం ఎప్పుడు అల్లుతావయ్యా? నేను గుడ్లు పెట్టే రోజులొచ్చేశాయి."

"ముక్కు బెణికిందే! తగ్గనీ."

ఆ సాయంత్రం గాలికి గూడు ఒక పక్కకి ఒరిగింది. పైనున్న పచ్చి పోచలు రాలిపోయి లోపలి ఎండుగడ్డి బయటపడింది. పైడమ్మకి ఒళ్లు మండిపోయింది. తెల్లారేసరికి బావి గట్టు మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ తాత ముందు వాలింది. ఆ చెట్టుకి తీర్పరి ఆయనే.

"తాతా! వీడు నన్ను మోసం చేశాడు. ఈ పెళ్లి అసలు పెళ్లే కాదని చెప్పండి."

"విడిపోతానంటే ఇప్పుడే విడదీస్తానమ్మాయ్. కానీ విడిపోయినదానికి ఈ వానాకాలం ఇంకో గూట్లో చోటుండదు, అది మన కట్టుబాటు. అసలు పెళ్లే కాదనాలంటే, మోసం పెళ్లికి ముందే జరిగిందని రుజువు చెయ్యాలి."

"మరి నా గుడ్లు ఎక్కడ పెట్టుకోను తాతా?"

బంగారయ్య తరఫున తొండ ముందుకొచ్చి తలాడించింది. ఈ సంబంధం కుదిర్చిందీ అదే, ఇప్పుడు వకాల్తా పుచ్చుకుందీ అదే. సిగ్గులేని జాతి!

"అయ్యగారూ! ఈవిడ గూడు చూసిందా? చూసింది. పోచలు లాగిందా? లాగింది. ఇష్టపడి కూర్చుందా? కూర్చుంది. పాపం, మావాడి ముక్కు బెణికింది పెళ్లయ్యాక. దాన్ని మోసమంటే ఎలా?"

"ఆ గూడు వీడు అల్లింది కాదు తాతా!"

"చూసినవాళ్లున్నారా?" అంది తొండ. చెట్టు మీద ఒక్క పిట్టా నోరు మెదపలేదు. బంగారయ్య రొమ్ము విరుచుకున్నాడు. "ప్రతి పోచా నా ముక్కుతోనే అల్లాను. కావాలంటే ఒట్టు!"

పైడమ్మ నిదానంగా అడిగింది. "సరే తాతా, పెళ్లి మాట పక్కన పెట్టండి. గూడు మాట తేల్చండి. కొమ్మకి కట్టిన కట్టు జారిపోతోంది, కింద బావి ఉంది. పిల్లలు మునిగిపోయేలా గూడు కట్టినవాడికి శిక్షేమిటి?"

"తల మీది పసుపు ఈకలన్నీ పీకి చెట్టు దింపెయ్యడమే," అంటూ కొంగ మెడ చాచి ముక్కుతో గూడుని కదిపింది. కట్టు సగం ఊడి వేలాడింది. "నిజమే! ప్రతి పోచా నువ్వే అల్లానన్నావుగా? రా ఇటు!"

ఆ పొడుగు ముక్కు తన నెత్తి మీదికి రావడం చూసి బంగారయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అయ్యబాబోయ్! ఆ కట్టు నాది కాదు! ఆ గూడే నాది కాదు! పోయినేడు వీరన్న అల్లుకుని వదిలేసిపోయాడు. నేను గొట్టం పీకేసి, పైన నాలుగు పచ్చి పోచలు కప్పానంతే!"

"నోర్ముయ్యరా!" అంది తొండ.

"ఎప్పుడు కప్పావు?" అన్నాడు కొంగ తాత.

"గూటిచూపుల ముందు రోజు. ఈ తొండ మామే చెప్పాడు!"

తొండ రంగు మార్చుకుని కంపలోకి జారుకుంది. కొంగ తాత రెండో కాలు కూడా నేల మీద పెట్టి గట్టిగా చెప్పాడు. "మోసం పెళ్లికి ముందే జరిగింది, చేసినవాడే ఒప్పుకున్నాడు. ఈ పెళ్లి జరగలేదు. అమ్మాయ్, నీకిష్టమైన గూడు చూసుకో."

పైడమ్మ వెంటనే గూటిచూపులకి బయల్దేరింది. ఈసారి పోచలు లాగి ఊరుకోలేదు. "నా ఎదుట ఒక వరస అల్లు, చూస్తాను," అని ప్రతి పెళ్లికొడుకునీ అడిగింది.

మోసం చేసి పెళ్లాడినవాడు సాక్ష్యాలన్నీ దాచగలడేమో గానీ, తన నెత్తి మీదికొచ్చినప్పుడు నిజం దాచలేడు.