ముందు గోడ చూడండి

ఎవరు చెప్పారని అడగలేదా అంటే, అడక్కేం తల్లీ, కథంతా అదే కదా. మీ తాత ఉన్నప్పుడు ఈ కథ ఆయనే చెప్పేవాడు. ఇప్పుడిక నేనే చెప్పాలి.

రాజుగారు కోట కట్టిస్తున్నాడు. పెద్ద మేస్త్రి సున్నంలో మట్టి కలిపిస్తున్నాడని ఎవరో ఆయన చెవిన వేశారు. రాజుగారు పని కాడికొచ్చి, అందరి ముందూ "సున్నంలో మట్టి కలుస్తోందట కదా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

"అబద్ధం ప్రభూ! చెప్పింది ఈ అప్పన్నే. వీణ్ణి పనిలోంచి గెంటెయ్యాలి!" అని మేస్త్రి ఎగిరాడు. రాళ్లు మోసే కూలి అప్పన్న రెండు చేతులూ జోడించాడు. ఇంట్లో ఐదుగురు పిల్లలు మరి.

సున్నం నూరే పైడమ్మ ముందుకొచ్చింది. "నలభై మందిమి ఉన్నాం కదా బాబూ, అప్పన్నేనని తమకెలా తెలిసింది?"

"ఆ రోజు ఉత్తరం గోడ కాడ వాడొక్కడే ఉన్నాడు కదే!"

"ఏ రోజో, ఏ గోడో రాజుగారు చెప్పనేలేదు కదా బాబూ."

రాజుగారు చేతికర్రతో ఉత్తరం గోడని పొడిస్తే మూరెడు లోపలికి దిగిపోయింది. "ఇకమీదట ఎవరు చెప్పారని ఎవడూ అడగకూడదు. ముందు గోడ చూడండి" అన్నాడు. అప్పన్న అక్కడే కూలబడి, ఏడుస్తూనే నవ్వాడట.

తెల్లారేసరికి పెద్ద మేస్త్రి ఊళ్లోనే లేడు.