భల్లయ్య పెట్టిన సత్రం

ఇప్పలకోన అడవిలో జింకలు, కుందేళ్లు, ఉడుతలు, ఏదుపందులు కలిసి బతికేవి. భల్లయ్య అనే ఎలుగుబంటి కూడా అక్కడే ఉండేవాడు. తల్లి లేని అతన్ని ముళ్లవ్వ అనే ఏదుపంది దుంపలు తవ్విపెట్టి సాకింది.

పెద్దయ్యాక భల్లయ్యకు ఒక విద్య పట్టుబడింది. గాలి వాసన, చీమల నడక చూసి ఏ ఏడు ఏది కాస్తుందో, ఏది ఎండుతుందో ముందే కనిపెట్టేవాడు. అది చూసి జంతువులన్నీ తాము దాచుకున్న ఎండు ఇప్పపువ్వు, సారపప్పు తెచ్చి అతని చేతిలో పెట్టాయి. అతను అవతలి కొండ జంతువులతో బేరమాడి ఒకటికి రెండుగా తెచ్చేవాడు. అందులో ఐదోవంతు తను ఉంచుకునేవాడు. అతని గుహ నిండింది. పేరు పెరిగింది.

ఒక వేసవిలో చీమలు గుడ్లను వాగు ఇసుకలోకి దింపడం చూశాడు. ఈసారి వాన పడదని తెలిసిపోయింది. ముళ్లవ్వకైనా చెబుదామనుకున్నాడు. కానీ చెబితే అందరూ సరుకు వెనక్కి అడుగుతారు. కరువు వచ్చిందంటే అవతలి కొండవాళ్లు దోసెడు పప్పుకు తేనెపట్లున్న చెట్టే ఇచ్చేస్తారు. అందుకని నోరు మెదపలేదు.

వాన పడలేదు. ఆకలితో వచ్చినవాళ్లకు, సరుకు అవతలి కొండలో ఉందనీ, ఇప్పుడు తీస్తే నష్టమనీ చెప్పి పంపేశాడు. పిల్లలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఆ సరుకుకు బదులుగా భల్లయ్యకు అవతలి కొండలో నూరు తేనెచెట్లు వచ్చాయి.

అప్పుడు సత్రం తెరిచాడు. వచ్చినవాళ్లకల్లా తన గుహలోంచి దొప్పెడు ఇప్పపువ్వు పెట్టేవాడు. అందరూ ధర్మదాత అన్నారు. ఆ మాట అతనికి తేనెకన్నా తీపిగా ఉండేది.

ఒకరోజు వరసలో ముళ్లవ్వ కనిపించింది.

"నువ్విక్కడ నిలబడ్డావేం అవ్వా? లోపలికి రా," అన్నాడు.

"నువ్వు చీమలను చూస్తుంటే ఉడుత చూసిందట. వాన రాదని నీకు ముందే తెలుసా?"

"తెలుసు. అందుకేగా ఇవాళ ఇంతమందికి పెట్టగలుగుతున్నాను."

"నా మనవరాలు పోయిన నెల పోయింది భల్లా. నువ్వొక్క మాట చెప్పుంటే మా పప్పు మా బొరియలో ఉండేది."

దొప్ప కింద పెట్టి వెళ్లిపోయింది. వెనకున్నవాళ్లంతా విన్నారు. ఆకలి కాబట్టి తిన్నారు. ధర్మదాత అని మాత్రం ఎవరూ అనలేదు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. ముళ్లవ్వ దగ్గరుండి ఎవరి తిండి కొట్టు వాళ్లుండే చోటే తవ్వించింది. వాళ్ల కడుపులు నిండాయి. కరువులో తమను దోచుకున్నాడని అవతలి కొండవాళ్లు తమ చెట్లు తాము తీసుకుని భల్లయ్యను తమ కొండ నుంచి తరిమేశారు.

అతను రోజూ సత్రంలో దొప్పలు పరిచి కూర్చునేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. ఒకనాడు ముళ్లవ్వ బొరియ ముందు నిలబడి, "అవ్వా," అని పిలిచాడు. లోపల ఆమె మేలుకునే ఉంది. పలకలేదు.

నీతి: ఆపద ముందే తెలిసి, లాభం కోసం దాచినవాడు ఆ తర్వాత ఎంత దానం చేసినా పోయినవాళ్లు తిరిగి రారు, పోయిన నమ్మకమూ తిరిగి రాదు.