అడిగేవాడు లేని అవధానం

పిల్లలు ఆడుకుంటుంటే ఎప్పుడైనా నిలబడి చూశారా? ఏం చూశారో చెప్పండి. దుమ్ము చూశాం, కొట్లాట చూశాం, చిరిగిన చొక్కాలు చూశాం అంటారు. అంతేనా? అయితే మీ కళ్ళకూ తుమ్మెడకోట రాజుగారి కళ్ళకూ తేడా లేదు. ఆయన సంగతి వినండి.

పెదవీరపరాజుకు లేకలేక ఒక కొడుకు పుట్టాడు. వాడు లోకంలో ఎవరూ కానంత పండితుడు కావాలని రాజుకు పిచ్చి పట్టింది. పిచ్చి ముదిరితే వైద్యుణ్ణి పిలవాలి. ఈయన పండితుణ్ణి పిలిచాడు.

ఆ పండితుడు త్రిలోచనావధాని. సభలో చుట్టూ కూర్చున్నవాళ్ళు ప్రశ్న మీద ప్రశ్న గుప్పిస్తుంటే తడుముకోకుండా పద్యాల్లో జవాబు చెప్పడం ఆయన విద్య. చెప్పగలడు, కాదనను. చెప్పగలనని చెప్పుకోవడం మాత్రం దానికి నాలుగింతలు.

"మహాప్రభూ, సాటి పిల్లలు చదువుకు పట్టిన చీడ," అన్నాడాయన. "ఒకరి బుద్ధి ఇంకొకరికి అంటుకుని పాడవుతుంది. యువరాజును ఒంటరిగా ఒక మందిరంలో ఉంచండి. ఎవరూ పలకరించకూడదు. గోడ ఇవతలినుంచి నేను పాఠం చదువుతాను, అవతలినుంచి ఆయన వింటారు."

రాజు సరేనన్నాడు. తలుపుకు తాళం పడింది. ఆరేళ్ళ పిల్లవాడు గోడకు చెవి ఆనించి కావ్యాలకు కావ్యాలు అప్పజెప్పేశాడు. దాహం వేస్తే నీళ్ళ మీద శ్లోకం చదివేవాడు. నీళ్ళు కావాలని అడగడం మాత్రం వాడికి తెలియదు.

రాజు మురిసిపోయాడు. మురిసి ఊరుకున్నాడా? రాబోయే ఉగాది వెళ్ళగానే కోటలో ఉన్నవాళ్ళ పిల్లలందరినీ అలాగే గదుల్లో పెట్టాలని దండోరా వేయించాడు.

ఆ కోటలోనే బసవక్క ఉంది. చిన్నప్పుడు రాజును ఎత్తుకు పెంచిన మనిషి. ఆ చనువుతో సభలో ఎంత మాటైనా అనేది. ఆమెకు ఉన్నది ఒక్క మనవరాలు, సుంకి. తల్లి లేని పిల్ల. పొద్దున లేస్తే దాని నోరు మూతపడదు. "అవ్వా, చీమలు వరసలోనే ఎందుకు పోతాయి? ముందున్న చీమకు దారి ఎవరు చెప్పారు?" అలాంటి పిల్లను గదిలో పెడితే ఏమవుతుందో బసవక్కకు ఎవరూ చెప్పనక్కరలేదు. తిన్నగా సభకు వెళ్ళింది.

"దొరా, నిన్ను గోడకు చెవి ఆనించి పెంచానా నేను?"

సభలో కొందరు నవ్వారు. అవధాని నవ్వలేదు. "దాసీదానికి శాస్త్రం ఏం తెలుస్తుంది ప్రభూ," అన్నాడు.

రాజుకు పంతం వచ్చింది. "బసవక్కా, సాటి మనిషి లేనిదే విద్య లేదని అవధానిగారి నోటితోనే అనిపించు. అనిపిస్తే దండోరా రద్దు. లేకపోతే ముందు మీ సుంకే లోపలికి వెళుతుంది."

బసవక్క తొణకలేదు. "అలాగే దొరా. ఉగాదినాడు అయ్యగారికి పెద్ద అవధానం పెట్టించండి. సభ ఏర్పాట్లు నాకు వదిలేయండి."

ఉగాదినాడు అవధాని పట్టుపంచె కట్టి, కడియం తిప్పుకుంటూ వచ్చాడు. సభలో తివాచీ ఉంది, దీపం ఉంది, ఆయనకు ఎత్తైన పీట ఉంది. ఎదురుగా ఖాళీ ఆసనాలు ఉన్నాయి. ద్వారం దగ్గర బసవక్క నిలబడి ఉంది. రాజూ, కొలువువాళ్ళూ, ఆ పూటకు బయటికి తెచ్చిన యువరాజూ, వాడి పక్కన సుంకీ తెర వెనక కూర్చున్నారు.

అవధాని కాసేపు ఎదురుచూశాడు. "పృచ్ఛకులేరీ?"

"ఎవరు బాబూ వాళ్ళు?"

"ప్రశ్నలు అడిగేవాళ్ళు."

"వాళ్ళా. వాళ్ళ బుద్ధి తమకు అంటుకుని పాడవుతుందేమోనని వాకిట్లోంచే పంపేశాను."

"మరి నాకు సమస్య ఇచ్చేదెవరు?"

"తమకు తెలియని సమస్యా? తమరే ఇచ్చుకోండి."

"మధ్యలో అడ్డుపడి వెటకారం చేసేవాడు ఒకడుండాలి కదా?"

"ఉత్త అల్లరి మనిషి. మొదట వాణ్ణే పంపేశాను. తాము కానివ్వండి బాబూ. గోడలు వింటాయి."

అవధాని గొంతు సవరించుకున్నాడు. తనను తానే ఒక ప్రశ్న అడుక్కున్నాడు. జవాబు ముందే తెలిసిన ప్రశ్నకు పద్యం ఎక్కడ పుడుతుంది? నోరు తెరిచాడు, మూశాడు. తెర వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుతో ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

"బుద్ధుందా నీకు? అడిగేవాడు ఉంటేనే చెప్పేవాడికి మాట పుడుతుంది. అడ్డుపడేవాడు ఉంటేనే బుద్ధికి పదును. నలుగురు లేనిదే ఏ విద్యా..."

అక్కడ ఆగాడు. కానీ మాట అప్పటికే బయటపడింది.

"నలభై దాటిన తమకే నలుగురు కావాలి. ఆరేళ్ళవాడికి గోడ సరిపోతుందా బాబూ?"

అవధాని పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. తెర వెనకనుంచి సుంకి గొంతు వినిపించింది. "ఆయనకు అంత చెమట ఎందుకు పడుతోంది?"

యువరాజు గడగడా ఎండ మీద శ్లోకం ఎత్తుకున్నాడు.

"అది కాదు. నిన్నే అడుగుతున్నా."

పిల్లవాడు శ్లోకం ఆపాడు. అవధాని వైపు చూశాడు. చాలాసేపు ఆలోచించాడు. "సిగ్గేసింది," అన్నాడు. తరవాత సుంకి వైపు తిరిగాడు. "నీ పేరేంటి?"

కావ్యాలన్నీ వల్లించినవాడు పుట్టి బుద్ధెరిగాక అడిగిన మొదటి ప్రశ్న అది. రాజు తెర పక్కకు లాగి పగలబడి నవ్వాడు. కొలువంతా నవ్వింది. తనకు కప్పాల్సిన శాలువా కోసం అవధాని అడగనే లేదు.

"దండోరా రద్దు," అన్నాడు రాజు. "ఏం కావాలో కోరుకో బసవక్కా."

"ఆ మందిరం తలుపు ఇప్పించు దొరా. పొయ్యిలోకి కట్టెలు లేవు."

రాజుగారు తలుపు ఊడబీకించి పంపించారు. మరి పక్కింటి పిల్లలతో కలిస్తే చెడిపోతాడని, మీ వాడి ముందు పుస్తకం పడేసి మీరు గడియ పెట్టి వచ్చిన ఆ గది తలుపు సంగతేమిటి?