గాదెతో కబుర్లు

ఒరే పండూ, ఇలా జరుగు. సుబ్బులూ, నువ్వు ఇటు. పొద్దున్నించీ ఇద్దరూ పచ్చి కొట్టుకుని మాట్లాడుకోవట్లేదుట, మీ అమ్మ చెప్పిందిలే. నాకేం, నా కథ నేను చెప్తా. ఊ కొట్టడానికి మాత్రం పచ్చి లేదు, ముందే చెప్తున్నా!

అనగనగా ఒక ఊళ్ళో, ఆ ఊరి పేరు నాకూ తెలీదు, మీకూ అక్కర్లేదు, పోలిగాడని ఒక తిండిదొంగ ఉండేవాడు. బంగారం ఎదురుగా పెట్టినా ముట్టడు. వాడికి కావలసిందల్లా అరిసె, గారె, బూరె, జంతిక. ఎవరింట్లో నెయ్యి కాగితే వాడి ముక్కు అక్కడుండేది.

ఓరోజు మిట్టమధ్యాహ్నం సూరాంబగారింట్లో దూరాడు. అటకెక్కి చూస్తే కుండలో సున్నుండలు! ఒకటి నోట్లో వేసుకున్నాడు. అబ్బా అనుకున్నాడు. ఇంకోటి వేసుకున్నాడు. అబ్బబ్బా అనుకున్నాడు. అలా అబ్బబ్బా అబ్బబ్బా అంటూనే కుండ ఖాళీ చేసేశాడు. మంచినీళ్ళకోసం కిందికి దిగాడో లేదో, అడుగుల చప్పుడు! నట్టింట్లో నిలువెత్తు ధాన్యం గాదె ఉంది. గభాల్న అందులోకి దూకి మూత లాక్కున్నాడు.

వచ్చింది సూరాంబే. తిన్నగా గాదె దగ్గరికొచ్చి, ఏవే గాదే అని పిలిచింది. వీడు దొరికిపోయాననుకున్నాడు. తీరా వింటే ఏముందీ, అన్నం చల్లారిపోతోందని ఆ మహాతల్లికి చెప్పవే అంటోంది. వంటింట్లోంచి కోడలు నాంచారి, గాదే, నాకాకలి లేదని ఆవిడగారికి చెప్పు అంది.

ఇదేం చోద్యం అంటారా? కోడలు పులుసు కాచింది. అత్త మళ్ళీ మళ్ళీ వడ్డించుకుంది గానీ బావుంది అనలేదు. అనలేదని కోడలు మూతి ముడిచింది. ముడిచిందని అత్త మొహం తిప్పుకుంది. తిప్పుకుందని కోడలు మాట మానేసింది. మానేసిందని అత్తా మానేసింది. కొడుకేమో ఉప్పుబేరానికి ఊళ్ళంట తిరుగుతాడాయె. ఇహ ఏం చెప్పాలన్నా గాదెకే!

ఊ కొడుతున్నారా, కునుకుతున్నారా? ఆఁ.

ఆవేళ నాంచారి బట్టలు మూటగట్టింది, బండి పిలిపించింది. కడుపుతో ఉన్న పిల్ల, పుట్టింటికి పోతే మళ్ళీ ఈ గడప తొక్కనని ఒట్టేసుకుంది. అత్త పెరట్లోకి వెళ్ళాక గాదె దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ మోకాళ్ళకని నూనె కాచి మంచం కింద పెట్టాను, పనిచేసిందో లేదో కూడా చెప్పలేదు, వెళ్ళకే అని ఒక్కమాటంటే మూట విప్పెయ్యనూ అంది. అని, బండి వచ్చిందేమో చూడ్డానికి వీధిలోకెళ్ళింది.

అంతలో సూరాంబ వచ్చింది. కడుపుతో ఉన్న పిల్లకని సున్నుండలు చుట్టి అటక మీద పెట్టాను, కంటపడితే తింటుందని. తిన్నట్టే లేదు. అది వెళ్ళిపోతే ఈ కొంపలో నేనెవరితో పోట్లాడాలే గాదే అని కొంగు నోట్లో కుక్కుకుంది.

లోపల పోలిగాడి అవస్థ చెప్పాలా! ఒంటినిండా ధాన్యం దురద. గొంతులో సున్నుండ. పైగా ఏడుపు. ఇంతలో వీధిలో బండి గజ్జెలు మోగాయి. గాదే, వెళ్ళొస్తానని చెప్పు అంది నాంచారి. గాదే, సరేనని చెప్పు అంది సూరాంబ. పిల్ల గడప దగ్గరికి వెళ్ళిపోయింది.

నోరు విప్పితే నా వీపు చిట్లుతుంది, విప్పకపోతే వీళ్ళ కొంప కూలుతుంది, ఏంరా భగవంతుడా అనుకున్నాడు పోలిగాడు. అంతలో ఎక్కిలి తన్నుకొచ్చింది.

"ఎక్! చెప్పను! ఇహ నేను చెప్పను! మీ మాటలు మీరే చెప్పుకోండి! ఆవిడ నీకోసం సున్నుండలు చేసిందే తల్లీ! ఆ పిల్ల నీకోసం నూనె కాచిందమ్మా! వెళ్ళకంటే ఆగిపోతుంది, అనవమ్మా... ఎక్!"

ఇద్దరూ కొయ్యబారిపోయారు. నాంచారి గడప దగ్గర్నించి మెల్లిగా వెనక్కొచ్చి, సున్నుండలా, ఏవీ? అని గాదెనడిగింది.

"నేను తినేశాను," అంది గాదె.

గాదె సున్నుండలు తింటుందా? అత్త కోడలి మొహం చూసింది, కోడలు అత్త మొహం చూసింది. మూత లేపితే లోపల పోలిగాడు! జుట్టులో ధాన్యం, చెవుల్లో ధాన్యం, మీసానికి మినప్పిండి.

"అత్తమ్మా, చీపురు!"

"నువ్వు వంగకే తల్లీ, నేను బాదుతా! అటు పోకుండా చూడు!"

"ఇటొస్తున్నాడు, కొట్టండి!"

వాడి వీపు విమానం మోత మోగింది. కొట్టీ కొట్టీ ఆగారు. అప్పుడు తెలిసిందర్రా, గాదె ఊసే లేకుండా మాట్లాడేసుకున్నామని! ఇద్దరూ నేల మీద చతికిలబడి పడీపడీ నవ్వారు. నవ్వులోనే సూరాంబ కోడలి చెయ్యి పట్టుకుని, వెళ్ళకే అంది. నాంచారి బండివాణ్ణి పొమ్మంది. మరి పులుసు బావుందా అనడిగింది. బావుంది గనకేగా అన్నిసార్లు వడ్డించుకున్నానంది అత్త. అనొచ్చుగా అంది కోడలు. నీకు తెలీదేంటనుకున్నానంది అత్త.

పోలిగాడికి ముందు మంచినీళ్ళిచ్చారు. తరవాత తిరగలి ముందు కూచోబెట్టి మళ్ళీ సున్నుండలకి మినుములు విసిరించారు. అప్పట్నించీ వాడు అటకలెక్కలేదు. వీధి గుమ్మంలో నిలబడి, అమ్మా ఆకలేస్తోంది అనేవాడు. నోరు తెరిచి అడిగితే ఎవరు పెట్టరూ? అడగందే అమ్మైనా పెట్టదని ఊరికే అన్నారా! కడుపులో ఎంత ప్రేముంటే ఏం లాభం, ఎదుటివాళ్ళ చెవిన పడాలి గానీ.

ఏంట్రా పండూ? అక్కని కాస్త జరగమని నాకు చెప్తావేం, నేను గాదెనా? దానికే చెప్పు. ఆఁ, అలాగ. చూశావా, జరిగింది!

కథ కంచికెళ్ళే బండెక్కింది. మాటలు కలిశాయిగా, ఇహ ఇద్దరూ నోళ్ళు మూసుకుని పడుకోండి.