సింగారి కుండలో తేలుడుపుల్ల

కల్లు పులిసిందో లేదో చెప్పే తేలుడుపుల్ల కొనకుండా ఇంట్లో కల్లు చేస్తే కుండ పగలగొట్టాలని రాజుగారి ఆజ్ఞ. చెల్లెలి పెళ్ళికని సింగారి పుల్ల కొనకుండానే మొదటిసారి ఇప్పపూల కల్లు చేసింది. తనిఖీకొచ్చిన అధికారి విరూపాక్షయ్య అందులో తన పుల్ల వేస్తే, పులిస్తే మునగాల్సింది పైకి తేలింది.

"పులియనే లేదు, ఉత్త తీపినీళ్ళు! పగలగొట్టండ్రా!"

"తీపినీళ్ళు చేస్తే తప్పేంటయ్యా?"

అధికారి మాట మార్చాడు. "పోనీ, కల్లేనేమో!"

"అయితే అబద్ధమాడే పుల్ల మాకెందుకు? తాగి చూడండి."

తియ్యగానే ఉందని మూడు ముంతలు లాగించాడు. చూస్తే అతనికి కుండలో రెండు పుల్లలు కనబడ్డాయి.

"వీటిలో నాది ఏదే?"

"పొద్దున బెల్లం కలిపాను, పుల్ల మోసపోయింది. మీకు మళ్ళీ ఒకటే కనబడ్డాక వచ్చి పగలగొట్టండయ్యా. పెళ్ళి ఈ సాయంత్రమే."