బురద పూసుకోని ఏనుగు

తునికి అడవిలో ఏనుగులు, అడవిపందులు, దుప్పులు, ముళ్ళపందులు ఉండేవి. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు ఎండిపోయింది. గుంటలో తాగడానికి పనికిరాని బురదే మిగిలింది. వాగు ఇసుకలో గుంట తవ్వి, చెలమ తీయకపోతే పిల్లలు బతకవు. రాత్రి తవ్వుదామంటే చిరుతల భయం. పగలే తవ్వాలి.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఎండలో పనికి దిగేముందు అందరూ బురదగుంటలో పొర్లాలి. ఎవరి వీపు వారికి అందదు కనుక ఒకరి వీపుకు ఒకరు బురద పూయాలి. ముసలి ఏనుగు దుమ్మవ్వ దగ్గరుండి చూసేది.

గండడు అనే కుర్ర ఏనుగు మాత్రం పక్కకు తప్పుకున్నాడు.

"ఒరే, వీపు ఇటు తిప్పు," అంది దుమ్మవ్వ.

"నాకెందుకే అవ్వా? నాది ఏనుగు తోలు. ఈ పూతలు ఆ పందులకు పూసుకో."

"నాదీ ఏనుగు తోలేరా! కాలి, బొబ్బలెక్కి, ఊడిన తోలు. ఇదిగో చూడు!" అని చెవి వెనక మచ్చ చూపించింది.

గండడు చూడనైనా చూడలేదు. అంత పొగరు.

మధ్యాహ్నానికి బురద ఎండి రాలిపోయింది. "ఆపండి! మళ్ళీ పూత!" అని దుమ్మవ్వ అరిచింది. అందరూ గుంటకు పరుగెత్తారు.

"పని దొంగల్లారా!" అని గండడు నవ్వాడు. ఒక్కడే దంతాలతో ఇసుక ఎగజిమ్మాడు. సాయంత్రానికి చెలమ అడుగున తడి కనిపించింది. "చూశారా?" అని తొండం ఎత్తాడు.

మర్నాడు మళ్ళీ చెలమలోకి దిగాడు. పొద్దెక్కేసరికి వాడి వీపు నిండా బొబ్బలు. అవి పగిలాయి. ఈగలు ముసిరాయి. నొప్పి ఓర్చుకోలేక గట్టు తొక్కుకుంటూ చెలమలోంచి బయటికి పరుగెత్తాడు. గట్టు కూలింది. తడి దాకా తవ్విన చెలమ ఇసుకతో పూడిపోయింది.

అడవిపంది కోరమ్మ వచ్చి వాడి ముందు నిలబడింది. వాడి మోకాలంత ఎత్తయినా లేదు. వెనకాల ఆమె పిల్లలు నాలుకలు వేలాడేసి పడి ఉన్నాయి.

"నీ తోలు కాలితే నీకు నొప్పి. నా పిల్లల గొంతు ఎండితే ఎవరికిరా నొప్పి? నీ పొగరుకు మా నీళ్ళు బలా?"

గండణ్ణి ఎవరూ ఓదార్చలేదు.

మిగతావాళ్ళందరూ బురద పూసుకుని మళ్ళీ దిగారు. తవ్వారు. ఆగి పూసుకున్నారు. మళ్ళీ తవ్వారు. పొద్దు వాలేవేళకు నీళ్ళు ఊరాయి. ముందు పిల్లలు తాగాయి. గండడికి చివర్లో మిగిలిన ఇసుకనీళ్ళే దక్కాయి.

మర్నాడు చెలమను ఇంకా లోతు చేయాలి. అందరికన్నా ముందే వాడు బురదగుంట దగ్గర నిలబడ్డాడు.

"అవ్వా, నా వీపుకు కాస్త..."

"నోరు మూసుకుని తిరుగు!" అంది దుమ్మవ్వ. ఆమె కోపం ఇంకా చల్లారలేదు. పుండ్ల మీద మోదుగాకులు కప్పి, పైన దట్టంగా బురద పట్టించింది.

"అయింది. ఇక పో. కోరమ్మ వీపుకు నువ్వే పూయి."

నీతి: ఎండలో పనిచేసేవాళ్ళు ఒళ్ళు కాపాడుకున్నాకే పనిలోకి దిగాలి. ఒళ్ళు కాల్చుకోవడం గొప్ప కాదు. నువ్వు పడిపోతే నీ పని మీద బతికేవాళ్ళూ పడిపోతారు.